భీమక్క అంబలి, కంపెనీ తెలివి

పేటెంట్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పేటెంటే లేకపోతే మన అడవి పల్లెల జనం పొద్దున్నే తాగేది అంబలి అనుకుంటూనే బతికేసేవాళ్లు. అది ‘శక్తిదాయక పోషక పానీయ మిశ్రమం’ అని చెప్పడానికి 2006లో ఒక కంపెనీ దిగిరావలసి వచ్చింది!

జూలూరుపాడు దగ్గర కోయగూడెంలో ఉండే భీమక్కనే చూడండి. రాగిపిండి, ఇప్పపువ్వు, చిటికెడు ఉప్పు వేసి అంబలి కాచి, సంతలో కూలీలకు అమ్ముకుని బతుకుతోంది. సరిగ్గా ఆ మూడూ కలిపిన పానీయం తమ ఆవిష్కరణ అని కంపెనీ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. అమ్మకం ఆపమని భీమక్కకు నోటీసు కూడా పంపింది. ఎంత మర్యాద! ఆ గూడేనికి అంతకుముందు రిజిస్టర్డ్ పోస్టు ఎప్పుడైనా వచ్చిందా?

గూడెం బడిపంతులు వీరబాబుకు ఈ మర్యాద నచ్చలేదు. పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టే దానికి పేటెంటు ఇవ్వకూడదని చట్టంలో ఉందట. ఆ ముక్క పట్టుకుని అభ్యంతరం రాసి పడేశాడు. నాకు నవ్వొచ్చింది. పని తెలిసినవాళ్లంటే ఎవరండీ? తెల్లకోటు తొడుక్కున్నవాళ్లా, పొయ్యి ఊదేవాళ్లా?

పేటెంటు ఆఫీసులో విచారణకు భీమక్క, వీరబాబులతో నేనూ వెళ్లాను. కంపెనీ లాయరు మహా మేధావి. రాగి ఎవరైనా వేస్తారు, ఇప్పపువ్వూ ఎవరైనా వేస్తారు, కానీ ఏడాది నిల్వ ఉంచిన పువ్వే వేయడం తమ గొప్ప అన్నాడు. చెట్టు కింద కొత్తపువ్వు రాలుతుంటే దాన్ని వదిలి పాతది వేయాలని ఏ మామూలు బుర్రకు తడుతుందని అడిగాడు. నేను చప్పట్లు కొట్టబోయాను.

అంతలో భీమక్క లాయరు పక్కన కూర్చున్న కంపెనీ శాస్త్రవేత్తను గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట జీపులో వచ్చి, ఆమె ఇంట్లో రెండు సొరబుర్రల అంబలి తాగి, ఎట్లా కాచావని అడిగి రాసుకుపోయిన సారు ఆయనే!

“పండుగ చేసి మా వేల్పులకు పెట్టనిదే కొత్తపువ్వు మేం ముట్టం” అంది భీమక్క. “ఈ సారు పండుగకు ముందే వచ్చిండు. ఇంటికొచ్చినోన్ని ఉత్తగ పంపుతమా? గందుకే పోయినేడు ఎండబెట్టిన పువ్వేసి కాచిన.”

వీరబాబు మొహం వెలిగిపోయింది. లాయరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె పాతపువ్వు వేసింది దేవుడి భయంతో, మావాళ్లు వేసింది సైన్సుతో, కాబట్టి ఇది ఆమెకు తట్టిన సంగతే కాదన్నాడు. అధికారి తల ఊపి రాసుకున్నాడు. పేటెంటు వచ్చేసింది.

న్యాయం జరిగింది! భీమక్కకు కనిపెట్టడం చేతకాలేదట. కానీ ఇకమీదట తన పొయ్యి మీద తన అంబలి కాచి అమ్మితే, కాపీ కొట్టడం మాత్రం చేతనైనట్టేనట.

మొన్న సంతకు ఆమె రాలేదు. కూలీలు కొట్టులో కంపెనీ సీసా ధర అడిగి, బోరింగు దగ్గర నీళ్లు తాగి చేనుకు పోయారు.