మాస్టారి కంప్యూటర్‌కు రంగుకాగితాల దండ

ఒరూరో ఊళ్ళో బ్యాండు మాస్టర్లకు కొదవ లేదు గాని, కంప్యూటర్ ఉన్న బ్యాండు మాస్టారు మాత్రం రొసెందో విల్కా ఒక్కడే. ఆ సంగతి ఆయన తనంతట తాను ఎవరికీ చెప్పుకోడు. ఎదుటివాళ్ళు అడిగేదాకా పక్కనే నిలబడి ఉంటాడు, అంతే.

కార్నివాల్‌కు ముందురోజు శుక్రవారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. వేడిగా ఒక గ్లాసు అపి, అదే మొక్కజొన్న జావ, తాగాలి. కంప్యూటర్లో రాసిపెట్టుకున్న తన కొత్త పాట స్వరాలను బ్యాండులో తలా ఒక కాగితం చొప్పున ప్రింటు తీయాలి. సాయంత్రం ఆరింటికి అందరినీ కూర్చోబెట్టి నేర్పాలి. ఇన్నేళ్ళూ ఊరేగింపులో ఇంకో బ్యాండు మాస్టారు హిలారియోన్ కట్టిన పాటలే వాయించి వాయించి ఆయన పెదాలు కాయలు కాశాయి. రేపు మొదటిసారి తను సొంతంగా కట్టిన మొరెనాడా నాట్యపాట ఊరంతా వినబోతోంది. ఆ ఊహకే ఆయనకు రాత్రంతా నిద్ర లేదు.

అపి ఇంకా చల్లారకముందే ట్రాంబోన్ వాయించే ఫోర్తునాతో అనేవాడు ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, ఇందులో మా మేనకోడలి పెళ్ళి ఫోటోలున్నాయి. మీ చేత్తో ఒక్క నాలుగు ప్రింటు తీసిపెట్టండి."

"అదెంత పని!" అని మాస్టారు దాన్ని పెట్టె వెనక గుచ్చాడు. మరుక్షణం తెరమీది బొమ్మలన్నీ చిన్న చిన్న బాణాలుగా మారిపోయాయి. ఏ బాణం మీద నొక్కినా ఏమీ తెరుచుకోలేదు.

"వైరస్! కంగారుపడకు. ఇలాంటివి ఎన్ని చూశానో," అన్నాడు మాస్టారు. ఆయన చూసింది ఒకటే, అదీ పక్కింట్లో. అయినా ఎర్రగా కనిపించిన ప్రతి బొత్తామూ వరసగా నొక్కేశాడు. చాలాసేపు గురగురలాడి, వైరస్ పోయిందని యంత్రమే చెప్పింది. ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టమని కూడా చెప్పింది. ఆపాడు, మొదలుపెట్టాడు. నల్లటి తెరమీద ఇంగ్లీషులో ఒక్క తెల్లటి వాక్యం వచ్చి నిలబడింది.

"ఏమంటోంది మాస్టారూ?"

"థాంక్స్ చెప్తోంది."

అలా అది అరగంట సేపు థాంక్స్ చెప్తూనే ఉంది. ఫోర్తునాతో, "సరే, మళ్ళీ వస్తా. ఆఫీసుల్లో బీరు పోయడం మొదలుపెట్టేశారు," అని జారుకున్నాడు. ఆ శుక్రవారం ఊళ్ళో ప్రతి కొట్టూ, ప్రతి ఆఫీసూ తమ అన్నదాతలైన యంత్రాలకు రంగుకాగితాలు చుట్టి, నేలతల్లి పచమామకు ధార పోసి, మిగిలింది తాము పోసుకునే రోజు.

ఇంతలో మాస్టారి భార్య సెనోబియా బుట్టతో లోపలికొచ్చి నల్లటి తెర చూసింది.

"చచ్చిందా?"

"ఆలోచిస్తోంది."

"ఆలోచించదూ మరి! కొని రెండేళ్ళయింది. ఒక్క ఏడాదైనా దీనికి పచమామ పేర చుక్క పోశావా? నీ ట్రంపెట్‌కి పోస్తావు, గుమ్మానికి పోస్తావు, ఆఖరికి పక్కింటివాడి ట్రక్కుకి కూడా పోసొచ్చావు. ఇది మాత్రం ఏం పాపం చేసింది? జరుగు!"

ఆమె పెట్టె మొత్తానికీ రంగుకాగితాల చుట్టలు చుట్టేసింది. గుప్పెళ్ళతో కాగితపు పొడి చల్లింది. బీరు సీసా ఊపి మూత తీసింది. యంత్రాన్ని కాపాడబోయి మాస్టారు అడ్డం పడ్డాడు. నురగంతా రేపటి కోసం ఇస్త్రీ చేయించి తొడిగి చూసుకుంటున్న తెల్లచొక్కా మీదికి చిమ్మింది.

సరిగ్గా అప్పుడే ట్రంపెట్ వాయించే ఒకాయన కిటికీలోంచి తొంగిచూశాడు. పెళ్ళికూతురిలా ముస్తాబైన కంప్యూటర్, బీరులో తడిసి ముద్దయిన మాస్టారు, సీసా పట్టుకున్న సెనోబియా కనిపించారు.

"ఓహో! పాట పని అయిపోయిందన్నమాట!"

 కంప్యూటర్ ఉన్న మాస్టారు కాదనే మనిషి కాడు.

"అయిపోయినట్టే," అన్నాడు.

ఆ మాట గంటలో ఊరంతా చుట్టేసింది. రిపేరు చేసే గ్రోవర్‌కి మాస్టారు కబురు పంపితే, అతను వచ్చేసరికే సగం మత్తులో ఉన్నాడు. పొద్దుట్నుంచి ఏ ఆఫీసుకు వెళ్ళినా గ్లాసు చేతికిచ్చారు. వద్దంటే పచమామను అవమానించినట్టు.

"ఇంజనీరు గారూ, వైరస్ నేనే తీసేశాను. మీరు కేవలం స్టార్టు చేస్తే చాలు," అన్నాడు మాస్టారు.

గ్రోవర్ తెరను చాలా గౌరవంగా చూశాడు. "వైరస్‌తోపాటు ప్రాణం కూడా తీసేసినట్టున్నారు. పెట్టె విప్పాలి. ఈ కాగితాలు తీసేయండి."

"చెయ్యి పడితే విరిచేస్తా!" అంది సెనోబియా. "కార్నివాల్ అయ్యేదాకా దండ తియ్యకూడదు. మీ అమ్మ నీకు నేర్పలేదూ?"

నేర్పింది. గ్రోవర్ చెయ్యి వెనక్కి తీసుకుని, సెనోబియా ఇచ్చిన గ్లాసులోంచి కింద నాలుగు చుక్కలు పోసి, మిగతాది తాగి, కుర్చీలో కూలబడ్డాడు.

ఆరింటికి రావలసిన బ్యాండు మూడింటికే ఇత్తడి వాయిద్యాలతో సహా వాకిట్లో దిగింది. వాళ్ళ వెనకే బీరు పెట్టెలు మోయించుకుంటూ దోన్యా ఎవులోహియా వచ్చింది. ఈ ఏడు పండగ ఖర్చంతా నెత్తినేసుకున్న మహాతల్లి ఆవిడే.

"శభాష్ మాస్టారూ! మనకు కొత్త పాటుందని సంతలో అందరికీ చెప్పేశా. హిలారియోన్‌ని కూడా పిలుచుకొచ్చా. విని కుళ్ళుకోవాలి వాడు."

వాకిట్లో హిలారియోన్ అప్పటికే గ్లాసు పట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏవీ కాగితాలు?" అని అడిగింది ఎవులోహియా.

"వస్తున్నాయి."

"ఒకవేళ రాకపోతే ఇప్పుడే చెప్పండి. హిలారియోన్ ఎలాగూ ఇక్కడే ఉన్నాడు, నిరుటి పాటే కానిద్దాం."

 మాస్టారు తల ఎత్తి, "దోన్యా ఎవులోహియా, చీకటి పడేలోపు నా పాట మీ చెవిన పడకపోతే ఈ ట్రంపెట్ హిలారియోన్‌కే ఇచ్చేస్తా," అన్నాడు. అనేసి లోపలికొచ్చి తలుపేసుకుని, గోడకు ఆనుకుని, చంటిపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నాడు. గ్రోవర్ గురక పెడుతున్నాడు.

అప్పుడు ఫోర్తునాతో తలుపు తోసుకుని తూలుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, నా పెన్‌డ్రైవ్? పెళ్ళికూతురు వాళ్ళమ్మ ప్రాణం తీస్తోంది."

"నీ పెన్‌డ్రైవ్ వల్లే కదరా నా కొంప మునిగింది!"

ఫోర్తునాతో రంగుకాగితాల మధ్యలోకి చెయ్యి పోనిచ్చి, తడిమి, ఊడబెరికాడు. ఆ ఊపుకి తూలి మోచేత్తో కీబోర్డు మీద పడ్డాడు. పెట్టె ఒకసారి మూలిగింది. తెర నీలంగా వెలిగింది. పొద్దుట్నుంచి ఆ పాపిష్ఠి యంత్రం తన సొంత బుర్రను వదిలేసి, ఆ పెన్‌డ్రైవ్‌లోంచి లేవడానికి చూస్తూ కూర్చుంది; ఆ తెల్లటి వాక్యం చెప్తున్నదీ దాన్ని ఊడదీసి ఏదో ఒక మీట నొక్కమనే.

"పచమామ!" అని సెనోబియా దణ్ణం పెట్టింది.

"చూశారా, నా చెయ్యి పడితే అంతే!" అన్నాడు గ్రోవర్, నిద్రలోంచి లేచి.

"వైరస్ సరిగ్గానే తీశానని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అన్నాడు మాస్టారు.

ప్రింటర్ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. సగం కట్ట అయ్యేసరికి వాకిట్లో పెద్ద డప్పు మోగింది. దాని మీద ట్యూబాలు, వాటి మీద ట్రంపెట్లు లేచాయి. మాస్టారు చెవులు రిక్కించాడు. అది నిరుటి పాట కాదు. ఆయన పాటే.

"దొంగలు!" అని అరుస్తూ కాగితాలతో వాకిట్లోకి ఉరికాడు. "నా పాట ఎవడు ఎత్తుకొచ్చాడు?"

ఆయన వెనకే వచ్చిన ఫోర్తునాతో నెత్తి గోక్కున్నాడు. "ఎత్తుకురావడమేంటి మాస్టారూ? ఆర్నెల్లుగా బస్సులోనూ సంతలోనూ మీరు కూనిరాగం తీస్తూనే ఉన్నారుగా. మా ఆవిడ గుడ్లు వేయించేటప్పుడు కూడా ఇదే పాడుతుంది."

"మరి కాగితాలు?"

"మన బ్యాండులో స్వరాలు చదవడం ఎవరికొచ్చు?"

"ప్రతి ఏడూ నేనిచ్చినవి ముందు పెట్టుకుని వాయించేవారు కదరా!"

"మీరు చూస్తుంటారు కదా, బాగుండదని పట్టుకునేవాళ్ళం."

మాస్టారికి కోపం రావలసింది. రాలేదు. వాకిలంతా తన పాట నిండిపోయి ఉంది. ఎవులోహియా గిర్రున తిరుగుతోంది. హిలారియోన్ కాలు అతని ప్రమేయం లేకుండానే తాళం వేస్తోంది. రెండో చరణం దగ్గర బ్యాండు ఒక స్వరం మార్చి వాయించింది. మాస్టారు కాగితం వంక చూశాడు, మళ్ళీ విన్నాడు. వాళ్ళు వాయించిందే బాగుంది. మారుమాట్లాడకుండా లోపలికెళ్ళి, కంప్యూటర్లో స్వరం దిద్ది, అన్నీ మళ్ళీ మొదట్నుంచి ప్రింటు తీశాడు.

మర్నాడు ఊరేగింపులో బ్యాండు మొత్తం ఆ కాగితాలను మాస్టారికి బాగా కనబడేలా వాయిద్యాలకు తగిలించుకుంది, కొందరు తలకిందులుగా.