చేపల ప్రాజెక్టుకు తనిఖీ

బయటి నుంచి నిధులు తెచ్చే ప్రతి పరిశోధకుడి వెనుకా యూనివర్సిటీ కొండలా నిలబడుతుందని మా వైస్ ఛాన్సలర్ గారు ప్రకటించిన రోజున నేను ధన్యుణ్ణయ్యాను. ఆ ప్రెస్ నోట్ రాసింది నేనే. పౌరసంబంధాల అధికారిని కదా, ధన్యుణ్ణవడం నా డ్యూటీలో భాగం.

వెనుక నిలబడటానికి తగిన మనిషి వెంటనే దొరికారు. చెరువుల్లో చేపల్ని తుడిచిపెట్టేస్తున్న ఓ రోగం మీద పనిచేసే మేడమ్‌కి ఒక పెద్ద ఫౌండేషన్ గ్రాంట్ ఇచ్చింది. అప్పటికే ఆవిడ ఆరేళ్లు కష్టపడితే ఆ రోగానికి లొంగని చేపలు ఒక్క తొట్టెడు తయారయ్యాయి. వాటి పిల్లలు చెరువులకు చేరితే ఎన్నో కుటుంబాలు గట్టెక్కుతాయి. అవి పోతే మళ్లీ మొదటికే.

గ్రాంట్ రాగానే ఆనవాయితీ ప్రకారం యూనివర్సిటీ తన వాటా తీసుకుంది. దాంతో బయటి నిధుల విభాగం వెలిసింది. దానికో డైరెక్టరు, ఆయనకో కారు, కారుకో షెడ్డు వచ్చాయి. గ్రాంట్ వృథా కాకుండా చూడటానికి ఓ కమిటీ వేసి, దాని భత్యాలు గ్రాంట్‌లోంచే ఇచ్చారు. విభాగానికి గది లేక మేడమ్ ల్యాబ్ తీసుకున్నారు. చేపల తొట్టి వరండాలోకి వెళ్లింది. గాలి పంపు చెడిపోయిందని మేడమ్ వెళ్లి అడిగితే, ప్రాజెక్టులో పైసా మిగల్లేదని డైరెక్టరు గారు ఎంతో ఓర్పుగా వివరించారు. ఆవిడ జీతంలోంచి కొనుక్కున్నారు. సొంత వనరుల సమీకరణ అంటూ దాన్నీ నేను ప్రెస్ నోట్‌లో మెచ్చుకున్నాను.

అంతలో ఫౌండేషన్ వాళ్లు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్లకు నచ్చితే గ్రాంట్ మరో ఐదేళ్లు. మేడమ్ తొట్టి అద్దాలు తనే తుడిచి, ఒక్కో చేపనీ పెళ్లికూతుర్ని చూపించినట్టు నాకు చూపించారు. ఆ సంబరం చూసి నాకే ముచ్చటేసింది.

తనిఖీ రోజున ఉపన్యాసాలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. ముందు భోజనం, తర్వాత చేపలు అన్నారు వీసీ గారు. వేపుడు ఘుమఘుమలాడింది. అతిథులు లొట్టలేస్తూ తిని, మళ్లీ వడ్డించుకున్నారు.

ఖాళీ తొట్టి చూసిన మేడమ్ అప్పుడే లోపలికొచ్చి డైరెక్టరు గారి ముందు నిలబడ్డారు.

"నా చేపలేవండీ?"

"రూల్ ప్రకారమే చేశామమ్మా," అన్నారాయన, ముల్లు తీసి పళ్లెం అంచున పెడుతూ. "ప్రాజెక్టు చూడ్డానికొచ్చినవాళ్లకి ప్రాజెక్టే భోజనం పెట్టాలి. ప్రాజెక్టులో అవి తప్ప ఇంకేం మిగిలింది చెప్పండి?"

"ఆరేళ్లండీ," అన్నారు మేడమ్.

"మరి ఆ రుచి ఊరికే వస్తుందా?" అన్నారు వీసీ గారు.

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. నేను పళ్లెం పక్కకు జరిపాను. నేనూ రెండు ముక్కలు వేసుకున్నాను మరి.

ఫౌండేషన్ నివేదిక పోయిన వారం వచ్చింది. పరిశోధన ఫలితాలు అత్యంత సంతృప్తికరంగా ఉన్నాయట. గ్రాంట్ ఐదేళ్లు పొడిగించారు. షరతు ఒక్కటే. ఇకమీదట తనిఖీ నెలకోసారి, అదీ మధ్యాహ్నం పూటే.