కాకులకు ప్రవేశం లేని శ్మశానం

మా ఆనందవిహార్ కాలనీ శ్మశానానికి వారసత్వ సంపద హోదా లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రభుత్వం ఇవ్వలేదు, మేమే ఇచ్చుకున్నాం. ప్రభుత్వం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఈలోగా మేమే ఆ శ్మశానంలో చేరేలా ఉన్నాం.

సరూర్‌నగర్ దాటి ఎల్బీనగర్ వెళ్లే దారిలో కాస్త లోపలికి ఉండే ఈ శ్మశానం పాత ఊరివాళ్లది. నిన్నమొన్నటి దాకా దాన్ని చూస్తే మాకు ఒళ్లు మండేది. అటువైపు కిటికీలు తెరిచేవాళ్లం కాదు. ఫ్లాట్లు చూడవచ్చిన వాళ్లను చుట్టూ తిప్పి వేరే దారిన తీసుకొచ్చేవాళ్లం. అలాంటిది, బంజారాహిల్స్ నుంచి ఎవరో అమ్మాయి వచ్చి, నాచు పట్టిన సమాధి పక్కన నిలబడి, ఎంత అందమైన చరిత్రో అంటూ వీడియో తీసి పెట్టింది. లక్షలమంది చూశారు. మర్నాటికల్లా మాకూ అందంగానే కనబడింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఫ్లాట్ల ప్రకటనల్లో ‘హెరిటేజ్ ఫేసింగ్’ అన్న మాట చేరింది.

వెంటనే పరిరక్షణ సంఘం వెలిసింది. అధ్యక్షులు గంగాధరరావుగారు, గుంటూరు నుంచి వచ్చి చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ నడుపుతున్న విద్యావేత్త. ఆయన సమాధుల నాచు గీకించి తెల్లరంగు వేయించారు. మరీ కొత్తగా ఉన్నాయని ఎవరో అంటే, రంగు మీద మళ్లీ నాచురంగు వేయించారు. సెల్ఫీ పాయింటు పెట్టించారు. మనకంటే ముందు పోయినవారే మన ఆస్తి అని ప్రారంభోపన్యాసంలో గద్గదంగా అన్నప్పుడు, రియల్ ఎస్టేట్ మిత్రులు చాలాసేపు చప్పట్లు కొట్టారు.

మిగిలిన బెడద కాకులే. చరిత్ర మీద రెట్ట వేస్తున్నాయి. అందుకని శ్మశానమంతా వల కప్పించి, డేగ అరుపులు వినిపించే స్పీకర్లు బిగించారు. కాకులు లేచిపోయాయి. ఎక్కడికి పోయాయన్నది సంఘం పరిధిలోకి రాదు.

అంతలో పాత ఊరి జానయ్య పోయాడు. కాలనీ పుట్టినప్పటి నుంచి మాకు పాలు పోసినవాడు. పాలవాళ్లు లిఫ్టు ఎక్కరాదని బోర్డు ఉంది కనుక, కిందే నిలబడి, పైనుంచి తాళ్లతో దించిన బుట్టల్లో పాలు పెట్టేవాడు. కొత్త శవాలతో శ్మశానం ప్రాచీనత దెబ్బతింటుందని సంఘం అభ్యంతరం చెప్పింది. “మా అత్తమామలు గీడనే ఉన్నరు. గాయనొక్కడు యాడికి పోవాలె?” అంది జానయ్య భార్య ఈరమ్మ. సంఘం పెద్దమనసు చేసుకుని, ఫోటోల్లో పడని ఒక మూల కేటాయించింది.

మూడోరోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ సమాధి దగ్గర విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే, పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందన్నమాట. వల ఉంది కదా అని విస్తరిని గేటు బయటికి మార్చారు. తలకాయ కూర, కల్లు, బీడీల కట్ట, అన్నీ ఉన్నాయి. కాకి లేదు. స్పీకర్లలో డేగ మాత్రం అరుస్తోంది. బర్రెల్ని అమ్మనని కొడుకు మహేందర్ మొక్కాడు. పొలం గెట్టు తగాదా వదులుకుంటానని జానయ్య తమ్ముడు అందరి ముందూ ఒప్పుకుని, కాకి రాకపోయేసరికి తొందరపడ్డానేమో అన్నట్టు చూశాడు. ఎండ నెత్తికెక్కింది. పిట్ట ముట్టకుంటే ఆయన నోట్లో మెతుకు పోదని ఈరమ్మ ఏడ్చింది.

కన్నీళ్లు తుడుచుకుంటూ తలెత్తితే, ఎదురుగా అయిదో అంతస్తు బాల్కనీ కాకులతో నల్లగా ఉంది. అది సాక్షాత్తూ అధ్యక్షులవారి ఇల్లు. రోజూ తాను తినేముందు కాకులకు ఓ ముద్ద పెట్టడం ఆయన భార్య హనుమాయమ్మగారి అలవాటు. శ్మశానం నుంచి వెళ్లగొట్టిన కాకులన్నీ అక్కడే కాపురం పెట్టాయి.

“గాయనకు ఏం మిగిలిందో గిప్పుడు ఎరుకైంది,” అంటూ ఈరమ్మ విస్తరి ఎత్తుకుని వెళ్లి లిఫ్టు ఎక్కింది.

గంగాధరరావుగారు గుమ్మంలోనే ఉపన్యాసం అందుకున్నారు. “అమ్మా, మీ సంప్రదాయమంటే మాకెంతో గౌరవమండీ. కానీ దానికంటూ ఒక స్థలం...”

“లోపలికి రండి వదినగారూ,” అంది వెనకనుంచి హనుమాయమ్మగారు.

విస్తరి బాల్కనీలో పెట్టీపెట్టగానే కాకి ముట్టింది. ఈరమ్మ ఏడుస్తూనే నవ్వింది.

“ఇన్నేండ్లు కిందనే నిలవెట్టిండ్రు. ఇయ్యాల అయిదో అంతస్తుల కూసొని తింటుండు.”

ఆ బాల్కనీలో కాకి తప్పక ముడుతుందన్న మాట మలక్‌పేట దాకా పాకిపోయింది. ఇప్పుడు మూడోరోజులన్నీ అక్కడే జరుగుతున్నాయి. కిందనేమో కాకి లేక, ఏడుపు లేక, శ్మశానం అద్దంలా ఉంది. ఆదివారం హెరిటేజ్ వాక్‌కు వచ్చేవాళ్లు మన సంస్కృతిని ఇలా కాపాడుకోవాలని మెచ్చుకుంటున్నారు. లిఫ్టు బోర్డును కూడా సవరించాం. పాలవాళ్లకు ప్రవేశం లేదు, పోయినవాళ్లకు మినహాయింపు.

అధ్యక్షులవారు ఆ ఫ్లాట్ అమ్మకానికి పెట్టారు. మీరూ వచ్చి చూసుకోవచ్చు. కాకపోతే మీరింకా బతికే ఉన్నారు కాబట్టి, లిఫ్టు ఎక్కేముందు ఏం పనిచేస్తారో చెప్పాల్సి ఉంటుంది.