చీమలొస్తే కార్డు దొరికినట్టే!

నేను బతికే ఉన్నాను. పరామర్శకు బయల్దేరినవాళ్ళు దయచేసి వెనక్కి తిరగండి. తెచ్చిన పళ్ళు మాత్రం గుమ్మం దగ్గర పెట్టి తిరగండి!

జరిగింది చిన్న పొరపాటు. మా అత్తగారు తన చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ, "మా అల్లుడి ట్యూనర్ సంగతి ఇంకా తేలలేదే. లోపలే ఉందట, కనిపెట్టలేకపోతున్నారు. విప్పి చూసి, చేసేదేం లేక మళ్ళీ మూసేశారు" అంది. ఆవిడ చెప్పింది మా కంప్యూటర్ సంగతి. అందులో బిగించిన టీవీ ట్యూనర్ కార్డు సంగతి. కంప్యూటర్ తెర మీద టీవీ కార్యక్రమాలు కనిపించేలా చేసే ముక్క అది. కానీ అవతలి చెవికి చేరేసరికి ట్యూనర్ కాస్తా ట్యూమర్ అయి కూర్చుంది. తేడా ఒక్క అక్షరమే! 'న' పోయి 'మ' వచ్చింది, నాకు పోయే కాలం వచ్చింది!

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు నా సిద్ధాంతం వినండి.

టీవీ కార్డును గుర్తించని కంప్యూటర్ ఇంటికి దొరికిన వరం. నవ్వకండి. పన్నెండు రోజులు అనుభవించి చెబుతున్నాను. గుర్తించే కంప్యూటర్ ఏం చేస్తుంది? బొమ్మ చూపిస్తుంది. బొమ్మ చూస్తూ ఇంటిల్లిపాదీ బొమ్మల్లా కూర్చుంటారు. గుర్తించని కంప్యూటర్ చుట్టూ చేరినవాళ్ళు అలా కూర్చోగలరా? లేస్తారు, వంగుతారు, బల్ల కింద దూరుతారు, తల బాదుకుంటారు. వ్యాయామం కాదూ?

అసలు ఈ వరం నాకు ప్రసాదించినవాడు మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు. ఎప్పుడూ పెంగ్విన్ బొమ్మ ఉన్న చొక్కానే వేసుకుంటాడు కాబట్టి అందరం పెంగ్విన్ అనే పిలుస్తాం. "సార్, మీ కంప్యూటర్లో విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోండి. వైరస్ రాదు" అని ఒక సీడీ చేతిలో పెట్టాడు. మాట తప్పలేదు పాపం. వైరస్ రాలేదు. టీవీ కూడా రాలేదు!

అయితే అది రాదని తెలియకముందే నేనొక ఘనకార్యం చేశాను. "కంప్యూటరే టీవీ అయ్యాక ఇంకా ఈ డబ్బా ఎందుకోయ్?" అని, నిక్షేపంలా పనిచేస్తున్న మా టీవీని ఆ పెంగ్విన్‌కే ఇచ్చేశాను. వాడు మొహమాటపడుతూనే బండి తెచ్చుకున్నాడు. బండి వీధి మలుపు తిరిగాక నేను తీరిగ్గా ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ కాస్తా ఇన్‌స్టాల్‌మెంట్లలో సాగింది. ఇంట్లో సెట్ పోయింది, సెట్టింగులు మిగిలాయి!

కంప్యూటర్ తెరిస్తే నాలుగొందల లైన్లు ఇంగ్లీషులో గడగడా పరుగెత్తాయి. లైనక్స్ అని ఊరికే అన్నారా! చివర్లో తెరంతా చీమలు. నల్లవీ తెల్లవీ, లక్షలాది చీమలు. బుస్సుమని చప్పుడు.

"అల్లుడూ, ఇది ఏ కార్యక్రమం?" అంది అత్తగారు.

"కార్యక్రమం కాదు అత్తయ్యా. కార్డును గుర్తించలేదు."

"నీది కొత్త కార్డేగా? గుర్తించకపోవడానికి అదేమన్నా చిక్కిపోయిందా?"

మర్నాడు ఆఫీసులో పెంగ్విన్ అడిగాడు. "ఎలా వస్తోంది సార్?" నేనేమన్నాను? "బ్రహ్మాండం!" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటతో సలహా అడిగే దారి నాకు నేనే మూసుకున్నాను. అబద్ధంలో ఉన్న సుఖం అదే. ఒకసారి చెబితే చాలు, దాన్ని పోషించడానికి మనిషికి చేతినిండా పని దొరుకుతుంది!

ఇంటికొచ్చి సహాయం పుస్తకం తీశాను. అందులో ఉన్నదేమిటంటే, కంప్యూటర్ తనంతట తాను కార్డును పోల్చుకోలేకపోతే ఆ కార్డు నంబరు మనమే చెప్పాలి. నంబర్ల జాబితా కూడా ఇచ్చారు. ఎన్ని? నూట అరవై! ఒక్కో నంబరు ఇవ్వాలి, ఆపాలి, మళ్ళీ తెరవాలి, తెర చూడాలి. నేను ఆఫీసులో ఇన్‌వర్డ్ సెక్షన్లో పాతికేళ్ళుగా, వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి పంపుతున్నవాణ్ణి. అన్నిటికీ నంబర్లు వేసినవాడి కార్డుకి నంబరు లేకుండా పోయింది. విధికి ఎంత వ్యంగ్యమో చూశారా!

ఇక్కడ మొదలైంది మా కుటుంబ ఐక్యత. మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. కొత్త నోటుబుక్కు తీసి మూడు గడులు గీసింది. నంబరు, తెర మీద కనిపించినది, ఫలితం. నేను నంబరు కొట్టేవాణ్ణి. తెర ముందు కుర్చీలో కూర్చుని కనిపించినది చెప్పే ఉద్యోగం అత్తగారిది.

"పదిహేడు!"

"నలుపు."

"పద్దెనిమిది!"

"నలుపే. కాకపోతే ఇందాకటి కంటే నిగనిగలాడుతోంది."

"ముప్పై ఒకటి!"

"నీలం! ఆగు, ఆగు, మార్చకు. ఈ రంగు చీర కోసమే నేను అప్పట్లో మూడు కొట్లు తిరిగాను."

మా ఆవిడ ఎర్ర సిరాతో "తప్పు" అని రాసేది. భార్యాభర్తలు రోజూ గంటన్నర పక్కపక్కన కూర్చుని, మధ్యలో వేరే విషయం ఎత్తకుండా, ఒకే పని మీద పోట్లాడుకున్నారంటే అది ఈ కార్డు చలవే. టీవీ ఉన్న రోజుల్లో మేం పోట్లాడుకోవాలంటే ప్రకటనలు వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది!

అయితే ఈ వరానికి ఒక గడువు ఉంది. అది ఆదివారం సాయంత్రం ఆరు గంటలు.

మా మరదలు, అంటే అత్తగారి చిన్నకూతురు, ఒక ఛానెల్లో పనిచేస్తుంది. తెర మీద కాదు, తెర వెనక. వాతావరణ వార్తల్లో మ్యాపు మీద మబ్బుల బొమ్మలు పెట్టే పని. తొమ్మిదేళ్ళుగా అదే పని. రోజూ చదివే ఆవిడకు గొంతు పోయిందట. ఆ ఆదివారం ఒక్కరోజు మా మరదల్ని చదవమన్నారు.

"తొమ్మిదేళ్ళు మబ్బులు అతికించింది నా తల్లి," అంది అత్తగారు. "ఈ ఒక్కరోజు వాటి ముందు నిలబడుతుంది. నేను చూడాలి అల్లుడూ."

ఆవిడ మోకాళ్ళు గుమ్మం దాటనివ్వవు. చూస్తే మా ఇంట్లోనే చూడాలి. మా ఇంట్లో టీవీ లేదు. లేకుండా చేసింది ఎవరు? ఆ ప్రశ్న మా ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. నోటుబుక్కులో "తప్పు" అని రాసేటప్పుడు మాత్రం కలం గట్టిగా నొక్కేది.

శనివారానికి డెబ్బై ఎనిమిదో నంబరు దాటాం. నలుపు. ఆదివారం మధ్యాహ్నం తొంభై ఒకటి. ఆకుపచ్చ చారలు. నా మొహం కూడా దాదాపు అదే రంగు.

సరిగ్గా అయిదున్నరకు తలుపు చప్పుడైంది. అత్తగారి చెల్లెలు, అంటే మా చిన్నత్తయ్య, వెనకాలే చిన్నమామయ్య, ఆయన చేతిలో సంచీడు యాపిల్ పళ్ళు. చిన్నత్తయ్య కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. కన్నకూతురంతటిది అక్క కూతురు, అది టీవీలో కనబడుతుందని ఆనందబాష్పాలు కాబోలు అనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నాయనా?" అంది నా చెయ్యి పట్టుకుని.

"ఇన్‌స్టాల్ చేసిన రోజే చిన్నత్తయ్యా."

"ఎక్కడుంది?"

"లోపలే. మదర్‌బోర్డుకి ఆనుకుని."

"మదర్... మీ అమ్మగారికీ ఉండేదా?"

"అమ్మకెందుకు? ఆవిడకి రేడియోయే చాలు."

చిన్నత్తయ్య చిన్నమామయ్య వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "తీసేస్తే సరిపోతుందంటున్నారా?"

"ఒకసారి తీశాను మామయ్యా. తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను."

"ఎవరు తీశారు?"

"నేనే. స్క్రూడ్రైవర్‌తో."

చిన్నత్తయ్య కుర్చీ వెతుక్కుని కూర్చుంది. నేను తొంభై రెండో నంబరు కొట్టే తొందరలో ఉన్నాను. ఎందుకు కూర్చుందో నాకు పట్టలేదు.

అయిదూ నలభైకి మళ్ళీ తలుపు. పెంగ్విన్! నాకు చెప్పకుండా మా ఆవిడ ఫోన్ చేసింది.

"బ్రహ్మాండంగా వస్తోందన్నారు కదా సార్?" అన్నాడు.

"వస్తోంది," అంది మా ఆవిడ నోటుబుక్కు వాడి చేతికిస్తూ. "ఇదిగో, తొంభై ఒక్క రకాలుగా."

వాడు మొదటి పేజీ తిప్పి ఆగిపోయాడు. "ఇదేంటి మేడమ్? నంబరు గడిలో గీత పెట్టారు. పక్కన 'చీమలు' అని ఉంది."

"అది మొదటి రోజు. నంబరు ఏదీ ఇవ్వకముందు కంప్యూటర్ తనంతట తాను చూపించింది. తప్పేగా, కొట్టేశాను."

పెంగ్విన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "చీమలొచ్చాయంటే కార్డు దొరికినట్టే సార్! దొరక్కపోతే ఇలా నలుపో, నీలమో, చారలో వస్తాయి. మొదటి రోజే గుర్తించేసింది. ఏరియల్ నుంచి ఏమీ రావట్లేదు, అందుకే చీమలు!"

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. పైగా ఊరంతా తొంభై ఒక్కసార్లు!

"ఏరియల్ తీగ బిగించే ఉందోయ్," అన్నాను. కంప్యూటర్ వెనక కొస పట్టుకుని లాగి చూపించాను. పెంగ్విన్ ఆ తీగ వెంటే బల్ల కిందికి, బీరువా వెనక్కి, కిటికీ దాకా పాక్కుంటూ వెళ్ళాడు. మేడ మీద ఏరియల్ నుంచి దిగిన తీగ, గదిలోని తీగ, కిటికీ దగ్గర కలవాలి. కలవలేదు. రెండు కొసలూ చెరో వైపు చూస్తూ వేలాడుతున్నాయి, మాటల్లేని తోడికోడళ్ళలా.

"ఇది ఎవరు పీకారు?"

"నేనే," అంది అత్తగారు గర్వంగా. "మబ్బు పట్టింది కదా! మబ్బు పడితే ఏరియల్ పీకాలి. ముప్పై ఏళ్ళుగా పీకుతున్నాను. పిడుగు పడి ఎదురింటివాళ్ళ టీవీ కాలిపోయినా, మాది నిన్నమొన్నటిదాకా ఎలా ఉందనుకున్నారు?"

"రోజూనా అత్తయ్యా?"

"ఈ పదిహేను రోజులూ సాయంత్రమైతే మబ్బే కదా నాయనా. పొద్దున్నే ఎండ రాగానే మళ్ళీ పెడుతూనే ఉన్నాను."

పొద్దున్న నేను ఆఫీసులో ఉంటాను. సాయంత్రం నేను కంప్యూటర్ ముందు, మబ్బు ఆకాశంలో, తీగ అత్తగారి చేతిలో!

అప్పటికి ఆరుకు అయిదు నిమిషాలు. పెంగ్విన్ నంబర్లన్నీ చెరిపేసి, తీగలు కలిపి, కంప్యూటర్ మళ్ళీ తెరిచాడు. నాలుగొందల లైన్లు పరుగెత్తాయి. చీమలు. ఛానెళ్ళు వెతకమన్నాడు. ఒకటి, రెండు, చీమలు, చీమలు. ఆరూ ఏడు నిమిషాలకు చీమలు పక్కకు తప్పుకున్నాయి. వాటి వెనక నుంచి ఒక మ్యాపు, మ్యాపు మీద మబ్బులు, మబ్బుల ముందు మా మరదలు!

"అదిగో!" అంది అత్తగారు. ముందుకు వంగి, తెర మీద కూతురి మొహం ఉన్న చోట చెయ్యి పెట్టింది. పన్నెండు రోజులు నలుపనీ నీలమనీ చెప్పిన నోరు, ఇప్పుడేం కనిపిస్తోందో చెప్పలేకపోయింది. మా ఆవిడ నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో తను రాసిన "తప్పు" కొట్టేసింది.

మరదలు బాగా చదివింది. గొంతు వణకలేదు. "ఈ సాయంత్రం ఉరుములు, మెరుపులతో కూడిన వర్షం పడే అవకాశం ఉంది," అంది. "పిడుగులు పడవచ్చు. ముందు జాగ్రత్తగా ఇళ్ళలోని టీవీల ఏరియల్ తీగలు వెంటనే తీసి..."

అత్తగారు మోకాళ్ళను కూడా మర్చిపోయి లేచింది. మేం నోరు తెరిచేలోపే కిటికీ చేరింది.

బుస్సు! చీమలు.

"అంతమందికి చెబుతోంది కదా పిల్ల," అంది చేతిలో తీగతో, కళ్ళు తుడుచుకుంటూ. "కన్నతల్లిని, నేనే వినకపోతే ఎలా?"

ఇప్పుడు చెప్పండి. ఈ ఇంట్లో ఎవరి తప్పుంది? అత్తగారు తన పని చేసింది. కంప్యూటర్ తన పని మొదటి రోజే చేసింది. నా ఫిర్యాదల్లా ఒకటే. నాలుగొందల లైన్లు గడగడా చదివిన ఆ మహానుభావుడు, "నాయనా, నీ కార్డు దొరికింది, కిటికీ దగ్గర తీగ చూసుకో" అని ఒక్క లైను మనకర్థమయ్యే భాషలో చెబితే వాడి సొమ్మేం పోయింది? అంత తెలిసినవాడికి అంత మౌనమా!

ఉక్రోషం ఆపుకోలేక పెంగ్విన్‌నే పట్టుకున్నాను. "మీ ఇంట్లో కార్డు ఎలా పట్టిందోయ్? నీకు ఎన్నో నంబరు పడింది?"

"నా దగ్గర కార్డెక్కడిది సార్?" అన్నాడు వాడు అమాయకంగా. "మీరిచ్చిన టీవీ ఉందిగా! అద్భుతంగా వస్తోంది."

చీమల చప్పుడు మధ్యలో చిన్నత్తయ్య మెల్లగా అడిగింది. "మరి డాక్టరేమన్నాడు నాయనా?"

"ఏ డాక్టరు?"

అప్పుడు బయటపడింది. ఫోన్లో ఎవరు ఏమన్నారు, ఎవరికి ఏం వినబడింది, యాపిల్ పళ్ళు ఎందుకొచ్చాయి, కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయి. నేను నడిగదిలో నిలబడి అందరికీ వినబడేలా ప్రకటించాను. "నాకు ట్యూమర్ లేదు. ఉన్నది ట్యూనర్. అది నా ఒంట్లో లేదు, ఆ పెట్టెలో ఉంది. నేను స్క్రూడ్రైవర్‌తో విప్పింది కూడా ఆ పెట్టెనే."

చిన్నత్తయ్య వేళ్ళు మడుస్తూ లెక్క మొదలుపెట్టింది. "అంటే నీకు రోగమేమీ లేదు."

"లేదు చిన్నత్తయ్యా."

"బాగున్న టీవీని ఇంకొకరికి ఇచ్చేశావు."

"ఇచ్చేశాను."

"ఈ పెట్టెలో బొమ్మ రాకపోయినా, బ్రహ్మాండంగా వస్తోందని ఆఫీసులో చెప్పుకున్నావు."

"...చెప్పుకున్నాను."

ఆవిడ యాపిల్ పళ్ళ సంచీ తీసి నా చేతిలోనే పెట్టింది. "అయితే నేను విన్నది మరీ అంత తప్పేం కాదు నాయనా," అంది. "రోగం ఉండటం నిజమే. అది ఎక్కడుందో, అదే సరిగ్గా వినబడలేదు."