ఊరగాయ నీళ్ళలో నానిన బానెట్

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మొగుడి బట్టల మీది తుప్పు మరకలు వదలగొడుతున్న ఆర్డిస్‌ని పట్టుకుని, వర్లిన్ ఆ ఆగస్టు ఉదయం అడగరానిది అడిగాడు.

"ఏమే, వెనిగర్ ఉందా? ఓ రెండు గ్యాలన్లు కావాలి."

"దేనికి?"

"తుప్పు పట్టించాలి."

ఆర్డిస్ కీరాలు కడగడం ఆపి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "నీకు పట్టింది చాలకా?"

వర్లిన్ బాధ వర్లిన్‌ది. ఏటా కౌంటీ తిరునాళ్ళలో పాత ట్రాక్టర్ల పోటీ పెడతారు. అందులో 'పనిబట్టల' వరస ఒకటుంది. అంటే మళ్ళీ రంగు పూయకుండా, సోకులు చెయ్యకుండా, పొలంలోంచి ఎలా వచ్చిందో అలాగే నిలబడ్డ ట్రాక్టర్లన్న మాట. అయోవా మొత్తం మీద ఏమో గానీ, ఆ కౌంటీలో మాత్రం నాలుగేళ్ళుగా మొదటి బహుమతి నీలి రిబ్బను ఆర్డిస్ వాళ్ళన్న డెల్మర్‌దే. ఆదివారం భోజనానికి దాన్ని చొక్కాకి తగిలించుకునే వస్తాడు.

వర్లిన్‌కీ వాళ్ళ నాన్న నడిపిన ట్రాక్టరుంది. డెల్మర్ దానికంటే పదేళ్ళు పెద్దది. కానీ రెండేళ్ళ కిందట, మెరిసిందల్లా గొప్పే అనుకున్న రోజుల్లో, వర్లిన్ దాని బానెట్ గీకి మిలమిల్లాడే ఎర్రరంగు కొట్టాడు. నాన్న కూర్చున్న ఇనుప సీటు పీకి చెత్తలో పారేసి మెత్తటిది బిగించాడు. సీటు మారిస్తే పోటీలో ఎవరూ ఏమీ అనరు. రంగు వేస్తే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు.

"ఈసారి ఆ రిబ్బను నాన్న ట్రాక్టరుకి రావాలే," అన్నాడు.

"నా కొత్త వెనిగర్ ముట్టుకున్నావంటే ఊరుకోను. నా ఊరగాయ కూడా పోటీకెళ్ళాలి," అంది ఆర్డిస్. "నేలమాళిగలో కిందటేటి జాడీలున్నాయి. కీరాలు తినేశాం, నీళ్ళు మిగిలాయి. వెనిగరూ ఉప్పూ అందులోనే ఉన్నాయిగా, పట్టుకుపో."

ఏ కళనుందో పెళ్ళాం అడగ్గానే ఇచ్చిందని వర్లిన్ పొంగిపోయాడు. ఆమె అలా ఇచ్చినప్పుడే భయపడాలని ముప్ఫై ఎనిమిదేళ్ళకీ నేర్చుకోలేదు.

రంగు ఊడగీకి, ఊరగాయ నీళ్ళలో పుండ్లు కడిగే పెరాక్సైడ్ కలిపి, ఎండలో బానెట్ మీద చల్లాడు. అరగంటలో నారింజ రంగు తేలింది. ఆనందం పట్టలేక మళ్ళీ చల్లాడు. గాలికి తుంపర ఎగిరి తుప్పు సుత్తికి పట్టింది, తోపుడుబండికి పట్టింది, దండెం మీది క్లిప్పుల స్ప్రింగులకి పట్టింది. ఆర్డిస్ ఆరేసిన తెల్ల దుప్పట్లు జింక తోళ్ళయ్యాయి.

"దుప్పట్లకి కూడా రిబ్బను ఇస్తారటయ్యా?" అంది ఆర్డిస్.

మూడో నాటికి బానెట్ తాతలనాటి గోధుమరంగుకి దిగింది. ఇక తుప్పు పెరక్కుండా, రాలకుండా దాని మీద అవిసె నూనె పట్టించి గుడ్డతో రుద్దాడు. అది గట్టిపడి చక్కగా పొర కట్టింది.

డెల్మర్ వచ్చి చూశాడు. "బావా, మొన్నటిదాకా ఎర్రగా ఉండేది కదూ?"

"నీ కళ్ళు చూపించుకో బావా."

"కళ్ళ సంగతి సరే, ఇక్కడ ఊరగాయ సాండ్‌విచ్ ఎవరు తింటున్నారు?" అని డెల్మర్ ముక్కు ఎగబీల్చాడు.

తిరునాళ్ళ రోజున ట్రాక్టర్ల న్యాయనిర్ణేతకి మోకాలు పట్టేసింది. ఆయన బదులు భార్య లావోన్ వచ్చింది. పొద్దుటే ఊరగాయల పోటీలో ముప్ఫై ఆరు జాడీలు రుచి చూసొచ్చిన నాలుక ఆవిడది.

లావోన్ బానెట్ దగ్గర ఆగింది. వాసన చూసింది. కళ్ళజోడు పెట్టుకుని, నూనె పొర కింద దేన్నో గోటితో గీకింది.

"వర్లిన్, ఈ ట్రాక్టరు ఏ పంట వేసింది?"

"మొక్కజొన్నండీ."

"మరి ఈ ఊరగాయల సోయికూర గింజ ఎక్కడిది?"

"గాలికి... ఎగిరొచ్చుంటుంది."

"గాలి వెల్లుల్లి కూడా తెచ్చిందే!" అని లావోన్ వేలు నాలుక్కి రాసుకుంది. "పొద్దున్న తిన్న పదకొండో జాడీ ఇదే. ఆర్డిస్ చేతి రుచే."

అక్కడి జనం మనిషి మొహం మీద నవ్వరు. అందరూ ఒక్కసారి టోపీలు సర్దుకున్నారు.

వర్లిన్ తల వంచుకుని చివరి బల్ల దాకా నడిచాడు. అక్కడ పాత విడిభాగాలు పెట్టారు. మధ్యలో ఒక ఇనుప సీటుంది. అంచులు తుప్పుతో నల్లబడ్డాయి, కూర్చునే చోట మాత్రం మనిషి అరిగించిన నునుపు. దానికి నీలి రిబ్బను కాదు, అన్నిటికీ మించిన ఊదా రిబ్బను కట్టి ఉంది. చీటీ మీద ఆర్డిస్ పేరుంది.

"ఇది... ఇది మా నాన్న సీటు!"

"మామయ్యదే," అంది ఆర్డిస్ వెనకనుంచి. "చెత్తలో పారేసింది ఎవరో? రెండేళ్ళుగా వెనక వాకిట్లో పాలక్యాను మీద పెట్టుకుని చిక్కుళ్ళు వలుస్తున్నాను. నువ్వు రోజూ దాన్ని దాటుకునే పోతున్నావు."

"ఏం పూశావు దీనికి?"

"ఏం పూస్తాను? నెలకోసారి తుడిచాను."

వర్లిన్ సీటు మీద చెయ్యి వేశాడు. అరిచెయ్యి ఆ నునుపు గుంటలో ఆగింది.

"ఆ జాడీ నీళ్ళు వడకట్టమని చెప్పొచ్చుగా?" అన్నాడు.

"అడగలేదుగా?"

"సరే. సీటు ట్రాక్టరుకి తిరిగిస్తావా?"

"బానెట్ వాసన పోయాక ఇస్తాను."

వారం గడిచింది. ఇంజను వేడెక్కితే పొలమంతా ఊరగాయ వాసనే. వెనక వాకిట్లో మామగారి సీటు మీద ఆర్డిస్ కూర్చుంది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని వర్లిన్ చిక్కుళ్ళు వలుస్తున్నాడు.