తీతువులంకకు నాలుగు దుంగలు

ఒక పెద్ద అడవిలో పదకొండు కొండలు, నాలుగు వాగులు, రెండువందల పన్నెండు గోటి గుర్తులు ఉండేవి. కొండలూ వాగులూ దేవుడిచ్చినవి. గోటి గుర్తులు మాత్రం పులిరాజుగారివి.

ఆ అడవి చట్టం చాలా సులువు. రాజుగారు ఏ చెట్టు మీద గోళ్లతో గీరితే ఆ చెట్టే సరిహద్దు. దానికి లోపలున్నది ఆయనది. బయటున్నది ఇంకా ఆయనది కానిది. ఒకసారి గీరిన గుర్తును చెరిపే అధికారం ఎవరికీ లేదు, ఆఖరికి గీరిన రాజుకు కూడా. ఈ కట్టుబాటు వల్లే చుట్టుపక్కల తోడేళ్లు ఆ గుర్తు కంటబడగానే తోక ముడిచి వెనక్కి తిరిగేవి.

పదకొండింటిలో ఎత్తైనది గద్దెకొండ. పులిరాజు గుహ దాని మీదే. రోజూ పొద్దున్నే ఆయన గుహ ముందున్న నున్నటి బండ మీద ఎండ కాచుకుంటూ కింద పారే నదిని చూసేవాడు. ఒకరోజు నది నడిమధ్య తెల్లగా మెరుస్తున్న ఇసుక లంక మీద ఆయన చూపు ఆగిపోయింది.

"అది ఎవరిది?" అని అడిగాడు.

పక్కనే ఉడుము మంత్రి ఉంది. పట్టిందంటే వదలదని పేరు, ఆ పేరుతోనే పదవి వచ్చింది.

"తీతువులంక అంటారు ప్రభూ. ఎవరిదీ కాదు. అక్కడ ఉండేవాళ్లది."

"అంటే ఎవరిదీ కాదన్నమాట."

"నేనూ అదే మనవి చేశాను."

"మరి మనదెందుకు కాకూడదు?"

"ఇన్నాళ్లూ తమరు అడగలేదు కాబట్టి."

పులిరాజు మీసం దువ్వుకున్నాడు. "ఊరికే కలుపుకుంటే బాగుండదు. ఏదో ఒక కారణం కావాలి."

"భద్రత ప్రభూ. రేపు మొసళ్లు వచ్చి ఆ లంకను పట్టుకుంటే?"

"మొసళ్లు రోజూ అక్కడే కదయ్యా ఎండ కాచుకునేది!"

"చూశారా? అప్పుడే వచ్చేశాయి!"

వెంటనే సభకు కబురు వెళ్లింది.

తీతువులంక పొడవు ఆరువందల అడుగులు, వెడల్పు రెండువందలు. అక్కడ నాలుగువందల తీతువు పిట్టలు, తొంభై తాబేళ్లు, ఎవరూ లెక్కపెట్టని పీతలు ఉండేవి. తీతువుల పెద్ద పేరు ఇసకమ్మ. తీతువులు గూళ్లు కట్టవు. ఇసుకలో అరచేతంత గుంట చేసి అందులోనే గుడ్లు పెడతాయి. మిగతా తీతువుల పిల్లలు అప్పటికే రెక్కలొచ్చి ఎగురుతున్నాయి; ఇసకమ్మ గుంటలో మాత్రం ఆ వేసవి ఇంకా నాలుగు గుడ్లున్నాయి. సభకు రమ్మని పిలుపు రాగానే ఆమె ముసలి తాబేలు కూర్మయ్యను పిలిచింది.

"తాతా, నీ నీడ కాస్త ఇటు జరుపు. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను."

"వెళ్లిరా తల్లీ. నేను కదలను. కదిలినా తెలియదనుకో."

సభలో ముప్పై ఒక్క స్థానాలు. పద్నాలుగు రాజుగారి పక్షం. పదకొండు ఎలుగుబంటి నడిపే ప్రతిపక్షం. మిగతా ఆరూ కోతులు. ఓటు వేసే క్షణం దాకా తాము ఏ కొమ్మ మీద ఉంటామో వాటికే తెలియదు. గెలవాలంటే పదహారు కావాలి.

ఎలుగుబంటి లేచి గుండెలు బాదుకుంది. "అన్యాయం! ఇంకొకరి నేల మీద కన్నేయడం మన పెద్దల పద్ధతి కాదు! చరిత్ర మనల్ని క్షమించదు!" అని గర్జించి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ లంకలో తేనెపట్లు ఎన్ని?" అని అడిగింది.

"అక్కడ చెట్టే లేదు. పట్టు ఎక్కడ పడుతుంది?" అంది ఉడుము.

"అన్యాయం! ఘోర అన్యాయం!" అంది ఎలుగు, ఈసారి మనస్ఫూర్తిగా.

ఇసకమ్మకు మాట్లాడే వంతు వచ్చింది. "అయ్యా, మేం అమ్మకానికి లేం" అంది.

"కొంటామని ఎవరన్నారమ్మా?" అంది ఉడుము. సభ గొల్లున నవ్వింది.

నవ్వులు ఆగాక ఇసకమ్మ మళ్లీ అందుకుంది. "లంకంటే మీ కొండలాంటిది కాదు. నది ఈ ఏడు ఇక్కడ దించిన మూట. వచ్చే ఏడు ఇంకోచోట దించుతుంది. దాని వెనకాలే మేం వెళతాం. మా అమ్మ నన్ను పొదిగిన చోట ఇప్పుడు పదిహేను అడుగుల నీళ్లున్నాయి. మీరు కలుపుకుంటామంటున్నది దేన్ని?"

"ఇదంతా ఆవేశం. మనం వాస్తవాలకు వద్దాం" అంది ఉడుము.

వాస్తవాలు చెప్పడానికి లెక్కల అధికారి కుందేలు లేచింది. వయసు చిన్న, చెవులు పెద్ద. "ప్రభూ, రెండు మాటలు. ఒకటి, లంకలో చెట్టు లేదు. తమరు గుర్తు దేనిమీద గీరుతారు? రెండు, గడిచిన ముప్పై ఏళ్లలో వరద ఇరవై ఎనిమిదిసార్లు ఆ చోటును ముంచింది."

ఉడుము తొణకలేదు.

"చెట్టు లేకపోతే మనమే తీసుకెళదాం. నాలుగు టేకు దుంగలు నాలుగు మూలలా పాతితే సరి. ఇక వరదంటావా, రెండేళ్లు ముంచలేదని నువ్వే చెబుతున్నావు. ఆ రెండేళ్లనే ప్రమాణంగా తీసుకుందాం."

కుందేలు చెవులు వాలిపోయాయి.

ఉడుము రాసుకొచ్చిన చట్టం చదివింది. నాలుగు దుంగలు ఎక్కడ నిలబడితే వాటి మధ్యనున్నదే తీతువులంక. ఒకసారి పాతి గుర్తు గీరాక ఆ దుంగలను లంకవాసులు తప్ప ఇంకెవరూ ముట్టరాదు. వాటిని ఎప్పుడూ పొడినేల మీద, నాలుగు దిక్కులా, నిటారుగా నిలిపి ఉంచే బాధ్యత లంకవాసులదే. దుంగ పడిపోయినా, కొట్టుకుపోయినా వాళ్ల తలలు తీయబడతాయి.

"భలే! ఒకసారి పాతి వస్తే చాలు, ఆ తర్వాత మన ఏనుగులకు పని తప్పింది" అన్నాడు పులిరాజు.

కోతులు మాత్రం గొణిగాయి. "అన్నీ తలలు తీసే మాటలే ఉన్నాయి. ఒక్కటైనా మంచి మాట ఉండాలి కదా. రేపు మా కొమ్మల్లో ముఖం ఎలా చూపించుకుంటాం?"

ఎలుగుబంటికి ఇదే అదనుగా తోచింది. రాజు చచ్చినా ఒప్పుకోని మాట ఒకటి పెడితే చట్టం అక్కడే ఆగిపోతుందనుకుంది. "అయితే నాదొక సవరణ! తీతువులంకలో వేట నిషేధం. అక్కడ తీతువు మాటే శాసనం. వాళ్ల అనుమతి లేకుండా రాజుగారు కూడా అడుగు పెట్టకూడదు!"

పులిరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ ఇసుకలో వేటాడడానికి ఏముందయ్యా? తీతువులా? పళ్లలో ఈకలు ఇరుక్కుంటాయి. రాసుకో, రాసుకో!"

ఇరవై మంది అవునన్నారు, పదకొండు మంది కాదన్నారు. తన సవరణ నెగ్గినందుకు సంతోషించాలో, తన పక్షం ఓడినందుకు ఏడవాలో తెలియక ఎలుగుబంటి రెండూ కొంచెం కొంచెం చేసింది.

మర్నాడే నాలుగు ఏనుగులు దుంగలు మోసుకుంటూ లంకలోకి దిగాయి. నాలుగు ఏనుగులకు పదహారు పాదాలు. ఇసకమ్మకు నాలుగు గుడ్లు. కుందేలు ఈ లెక్క ఒక్కటే వేయలేదు.

ఇసకమ్మ అరిచింది. ఏనుగుల తలల చుట్టూ తిరిగి తిరిగి అరిచింది. కూర్మయ్య గుంటకు అడ్డంగా పడుకున్నాడు. అయినా రెండు గుడ్లు ఇసుకలో కలిసిపోయాయి.

"క్షమించు తల్లీ, పైనుంచి కనబడలేదు" అంది ఏనుగు. నిజంగానే బాధపడింది కూడా.

"ఇంకా రెండున్నాయి కదా" అంది ఉడుము.

పులిరాజు వెనక కాళ్ల మీద లేచి నాలుగు దుంగల మీదా గుర్తులు గీరాడు. "ఇవాళ్టి నుంచి నువ్వు మా ప్రజవి. సంతోషమేనా?" అని ఇసకమ్మను అడిగాడు.

ఇసకమ్మ వెళ్లి మిగిలిన రెండు గుడ్ల మీద కూర్చుంది. అందరూ వెళ్లిపోయాక దుంగల వైపు చూసింది.

"తాతా, ఆ చట్టం నీకు నోటికొచ్చా?"

"నేను నిదానంగా వింటాను తల్లీ. నిదానంగా విన్నవాడికి అన్నీ గుర్తుంటాయి."

"అయితే ఇంకోసారి చెప్పు. ఒక్క మాట కూడా వదలకు."

తీతువు గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. ఇరవై ఒకటో రోజు పొద్దున్న పైనెక్కడో వానలు పడి, నది ఎర్రబడి పొంగింది. పొద్దెక్కేసరికి లంక సగమైంది. ఇంకో గడియకు అరచేతంత మిగిలింది. దుంగలు పాతిన గుంటల్లో ఇసుక కరిగిపోయి నాలుగూ ఊగసాగాయి.

అటు ఎత్తైన ఒడ్డున తోడేళ్లు. ఇటు ఒడ్డున చెట్లెక్కిన ముంగిసలు. రెండు గుడ్లకు ఇంకా ఏడు రోజులు కావాలి.

"తాతా, గుడ్లు నీ వీపు మీద పెడితే మోయగలవా?"

"ఇల్లు మోసేవాడికి గుడ్లొక బరువా? ఎక్కడికి పోదామో చెప్పు."

"ఎక్కడికని కాదు తాతా. చట్టం ఏమంటోంది? దుంగలు పొడినేల మీద ఉండాలంటోంది. లేకపోతే మన తలలు పోతాయి. ఈ నీళ్లలో పొడినేల ఎక్కడుందో చూడు."

కూర్మయ్య మెడ సాచి నాలుగు వైపులా చూశాడు. వాగులన్నీ ఎదురుతన్ని ఇటువైపు అడవంతా నీళ్లే, మిగతా కొండలు దూరాన ఉన్నాయి. దగ్గర్లో ఒక్క గద్దెకొండ మాత్రం నీళ్ల మధ్య లంకలాగా నిలబడి ఉంది.

కూర్మయ్య పదేళ్లకొకసారి నవ్వుతాడు. ఆ రోజు నవ్వాడు.

తొంభై తాబేళ్లు పనిలోకి దిగాయి. దుంగకు ఇరవై రెండు చొప్పున ఎనభై ఎనిమిది నెట్టాయి. ఒకటి ముందు ఈదుతూ దారి చూపింది. తొంభయ్యో తాబేలు కూర్మయ్య. వీపు మీద రెల్లు పరుపు, దాని మీద రెండు గుడ్లు, వాటి మీద ఇసకమ్మ. పీతలు దుంగలు పట్టుకుని వేలాడుతూ వచ్చాయి. గద్దెకొండ చేరగానే గుహకు నాలుగు దిక్కులా గుంటలు తవ్వింది అవే.

పులిరాజు ఆవులిస్తూ గుహలోంచి వచ్చి చూసేసరికి ఎదురుగా తన గోటి గుర్తు. కుడివైపు ఇంకొకటి. ఎడమవైపు ఇంకొకటి. నాలుగోది గుహ వెనక ఉంది.

"ఎవర్రా అక్కడ?"

"దండాలు ప్రభూ" అంది దుంగ మీద వాలిన ఇసకమ్మ. "మీ ఆజ్ఞ తప్పలేదు. నాలుగు దుంగలూ పొడినేల మీద, నాలుగు దిక్కులా, నిటారుగా నిలబెట్టాం. నదంతా వెతికితే పొడినేల ఇదొక్కటే దొరికింది."

"శభాష్! విశ్వాసం అంటే ఇదీ! సరే, ఇక మీరు వెళ్లొచ్చు."

"వెళ్లాల్సింది ఎవరో మంత్రిగారిని అడగండి ప్రభూ."

ఉడుము చట్టం తెరిచింది. "నాలుగు దుంగలు ఎక్కడ నిలబడితే వాటి మధ్యనున్నదే..." అని మొదటి మాట చదివింది, ఆగింది. రెండో మాట చదివింది, నాలుకతో పెదాలు తడుపుకుంది. జీవితంలో మొదటిసారి దాని పట్టు సడలింది.

ఈ కబురు ఎలా తెలిసిందో, ఎలుగుబంటి తడిసిన బొచ్చుతో ఈదుకుంటూ వచ్చింది. "నా సవరణ! అక్కడి నుంచి నేను చదువుతాను!" అని ఊగిపోతూ గట్టిగా చదివింది. "వేట నిషేధం! తీతువు మాటే శాసనం! అనుమతి లేకుండా రాజుగారు కూడా..."

"చాల్లే ఆపు!" అని పులిరాజు గాండ్రించాడు. "ఇవి ఉట్టి కర్రలు! ఇప్పుడే పీకి పారేస్తాను!"

కుందేలు గబగబా అడ్డం వచ్చింది. "ప్రభూ, ఒక్క లెక్క చూడండి. అడవి చుట్టూ రెండువందల పన్నెండు గుర్తులున్నాయి. వాటి మీదున్నదీ ఇదే గోరు, వాటిని కాపాడేదీ ఇదే చట్టం. ఈ నాలుగూ ఉట్టి కర్రలైతే ఆ రెండువందల పన్నెండూ ఉట్టి చెట్లే. అటు ఒడ్డున తోడేళ్లు చూస్తున్నాయి. నేను లెక్కపెట్టాను, అరవై ఒకటి."

పులిరాజు అటు చూశాడు. తోడేళ్లు నిజంగానే ఆసక్తిగా చూస్తున్నాయి. ఎత్తిన పంజా నెమ్మదిగా కిందికి దిగింది.

"ఇసకమ్మా," అన్నాడు. ఆమె పేరు ఆయనకు తెలుసని అంతవరకూ ఎవరికీ తెలియదు. "ఒక్క వారం ఓ మూల పడుంటాను. అనుమతి ఇస్తావా?"

ఇసకమ్మ ఆయన పాదాల వైపు చూసింది.

"ఇచ్చేదాన్నే ప్రభూ. కానీ మీ పాదాలు పెద్దవి. పైనుంచి గుడ్లు కనబడవు."

పులిరాజు నీళ్లలోకి దిగాడు. ఉడుము ఆయన తోక పట్టుకుని వెళ్లింది.

రాజుగారి నున్నటి బండ మీద పీతలు ఇసుక తెచ్చి పోశాయి. ఇసకమ్మ అందులో అరచేతంత గుంట చేసింది. మూడు రోజుల్లో నూటనలభై జింకలు తీతువులంక పౌరులమయ్యామని చెప్పుకుంటూ కొండెక్కాయి. ఎలుగుబంటి కూడా దరఖాస్తు పెట్టుకుంది. గుహ పైన ఏడు తేనెపట్లున్నాయట. ఏడో రోజు పొద్దున్న బండ మీద రెండు గుడ్లూ చిట్లాయి. గింజంత ముక్కులు రెండు బయటకొచ్చి అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపు శాసనమని తెలిసి జింకలన్నీ చెవులు రిక్కించి నిలబడ్డాయి.

వరద తీసింది. తీతువులంక ఉన్నచోట నది నున్నగా పారుతోంది. పదకొండింటిలో చిన్నదైన పందికొండ మీద బురదలో కూర్చుని పులిరాజు ఎదురుగా చూశాడు. పొద్దుటెండలో గద్దెకొండ బంగారంలా మెరుస్తోంది.

"ఆ కొండ ఎంత బాగుంది! మనదెందుకు కాకూడదు?"

"కావాల్సిందే ప్రభూ," అంది ఉడుము, కొత్త ఆకు మీద రాయడం మొదలుపెడుతూ. "భద్రత దృష్ట్యా చాలా అవసరం."

నీతి కావాలంటే ఇదొక్కటే: పరాయివాడి నేలకు చట్టం రాసేటప్పుడు కాస్త మంచిదే రాయండి, రేపు దాని కింద కాపురం ఉండాల్సింది మీరే కావచ్చు.