తెలియకపోవడమనే రేవు

గృహవసతి శాఖ మంత్రిగారు మా కాలనీ మైదానంలో వేదికెక్కి, అధికారుల చరిత్రలో నూతన శకం ఆరంభమైందని ప్రకటించారు. కొత్త చట్టంలోని పన్నెండో సెక్షన్ పేరు సేఫ్ హార్బర్. తుపానులో చిక్కిన ఓడకు రేవు ఎలాంటిదో, ఫిర్యాదుల్లో చిక్కిన అధికారికి ఆ సెక్షన్ అలాంటిదని వారు విడమరిచారు. ప్రభుత్వ భవనంలో ప్రమాదం జరిగితే, లోపం ముందుగా తెలిసినవారిదే బాధ్యత. తెలియనివారిని చట్టం తాకదు. మన భాషలో తరతరాలుగా అనాథలా తిరుగుతున్న 'చూసీ చూడనట్టు' అనే మాటకు ఇన్నాళ్లకు ఒక సెక్షన్ నంబరు దొరికినందుకు నేనూ చప్పట్లు కొట్టాను.

మరునాడే, ప్రభుత్వం కట్టించిన మా బ్లాకు మెట్ల రెయిలింగ్ విషయమై గృహవసతి కమిషనరు కార్యాలయానికి వెళ్లాను. మూడో అంతస్తులో అది రెండు గజాల మేర ఊడిపోయింది. ఆ అంతస్తులో ఉండే టైలరు రోజూ బట్టల మూట భుజాన వేసుకుని, గోడను రాసుకుంటూ దిగుతున్నాడు. కమిషనరు ఒకప్పుడు నా విద్యార్థి. నేను నోరు తెరవకముందే రెండు చెవులూ మూసుకున్నాడు.

"టీచర్, దయచేసి ఏమీ చెప్పకండి. చెబితే నాకు తెలిసిపోతుంది."

"తెలియాలనే వచ్చాను బాబూ."

"తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదని మీరే కదా నేర్పారు. ఆ మాట మీదే నిలబడ్డాను."

మూసిన చెవులతోనే అంత చక్కగా జవాబు చెప్పిన శిష్యుణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

అప్పటినుంచి ఉత్తరాలు రాశాను. నెలకొకటి చొప్పున ఏడు, రిజిస్టర్డ్ పోస్టులో. కవరు మీదే విషయం రాయడం కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పిన పద్ధతి. ఆ పద్ధతి కార్యాలయంలో కల్లోలం రేపిందట. కవర్లు అందుకునే అటెండరుకు చదువు వచ్చు, చదివితే తెలుస్తుంది, అతనికి తెలిస్తే కార్యాలయానికి తెలిసినట్టే. అందుకని అతన్ని బదిలీ చేసి, అక్షరం ముక్క రానివాడి కోసం ప్రకటన ఇచ్చారు. తమకు చదువు రాదని స్వహస్తాలతో రాసుకుని నలుగురు పట్టభద్రులు కూడా దరఖాస్తు చేశారని విన్నాను. చివరికి నిజంగానే రానివాడిని తీసుకున్నారు. శాఖలో ఆ ఒక్క నియామకం మాత్రం అర్హతను బట్టి జరిగింది.

తరువాత వార్షిక తనిఖీకి ఇంజినీరు వచ్చాడు. మూడో అంతస్తులో, ఊడినచోటికి సరిగ్గా రెండడుగుల ముందు, ముఖం గోడకు తిప్పుకుని, వీపు ఖాళీవైపు పెట్టి, మెట్టు మెట్టూ అడ్డంగా దిగాడు. దాటిన మరుక్షణం మామూలుగా నడిచాడు. వెనకే వస్తున్న టైలరు ఉండబట్టలేక, చూసుకుని దిగండి సార్ అన్నాడు.

"ఏం చూసుకోవాలో మాత్రం చెప్పకయ్యా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు ఇంజినీరు.

రిజిస్టరులో 'లోపాలేవీ దృష్టికి రాలేదు' అని రాశాడు. ఆయన నిజాయితీని శంకించలేం.

ఆపై వారం టైలరు పడ్డాడు. బట్టల మూట అడుగున ఉండబట్టి ప్రాణం దక్కింది. కత్తెర పట్టే కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర నుజ్జయింది. ఆ ఇంట్లో మరో సంపాదన లేదు. ఆసుపత్రి వరండాలో అతని భార్య నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, మీరు అన్నన్ని ఉత్తరాలు రాశారు కదా. ఇప్పుడైనా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా?"

చెప్పి తీరాలి అన్నాను.

మంత్రిగారు తక్షణం విచారణకు ఆదేశించారు. లోపం ముందే తెలిసినవారు ఎంతటివారైనా విడిచిపెట్టబోమని గర్జించారు. కమిషనరు తనకు తెలియదన్నాడు. ఇంజినీరు రిజిస్టరు చూపాడు. అటెండరు వేలిముద్ర వేశాడు.

నిన్న నాకు నోటీసు అందింది. లోపం సంపూర్ణంగా తెలిసినవారు ఇద్దరే అని తేలిందట. రెండో ముద్దాయి టైలరు. నోటీసు అందినట్టు ఎడమచేత్తో సంతకం పెట్టాడు. మొదటి ముద్దాయిని నేను.

సాక్ష్యాలు చూపమని కార్యాలయానికి వెళ్లాను. నా ఏడు ఉత్తరాలూ కవర్లతోనే, తేదీల వరుసలో, ఎర్రదారంతో కట్టి, బల్లమీద ఉన్నాయి. ఊడిన రెయిలింగ్ గురించి ఏ ఉత్తరంలో ఏం రాశానో కమిషనరు పేజీ నంబర్లతో సహా నాకు అప్పజెప్పాడు. తరగతిలో ఏనాడూ అంత తడుముకోకుండా అప్పజెప్పలేదు.

కవర్లు ఒక్కొక్కటే తిప్పి చూశాను. నేను అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.